కల్లంలో ఒక్క నోరు

మొన్న శనివారం పొద్దు వాలుతుండగా మా మనవరాలు లక్ష్మీపూర్ నుంచి వచ్చే బస్సు దిగి, రాయగడలో మా ఇంటి గుమ్మం ఎక్కి, భుజాన ఉన్న సంచి కుర్చీలోకి విసిరేసి, కాళ్ళైనా కడుక్కోకుండా నా మంచం మీద వెల్లకిలా పడిపోయింది. లక్ష్మీపూర్ అవతల కొండ మీద ఒక చిన్న బడిలో దానికి కిందటేడు ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోజున వీధి చివరిదాకా వినపడేలా నవ్విన పిల్ల, ఇప్పుడు వారానికోసారి వచ్చి ఇలా పడుకుంటుంది. సంచి మూతి తెరుచుకుని లోపలున్న రంగు అట్టముక్కలు గచ్చు మీదికి జారాయి. వంగి తీసే ఓపిక లేక వాటిని చేతికర్రతోనే నా వైపు లాక్కున్నాను.

ఇవేమిటే అని అడిగితే కళ్ళు మూసుకునే చెప్పింది. పిల్లల్లో చూసి నేర్చుకునేవాళ్ళు కొందరు, విని నేర్చుకునేవాళ్ళు కొందరు, చేత్తో చేసి నేర్చుకునేవాళ్ళు కొందరు ఉంటారట. ఒక్కో రకానికి ఒక్కో రంగు అట్ట. ఎవరు ఏ రకమో కనిపెట్టి, ఆ రంగు అట్ట మీద పేరు రాసి, రకాన్నిబట్టి పాఠం చెప్పాలని ట్రైనింగులో నేర్పేరట. అందులో తప్పేమీ లేదు, చాలావరకు నిజం కూడాను. మా రోజుల్లో అట్టలు లేవు గాని పిల్లలు అందరూ ఒక్కలా ఉండరని మాకూ తెలుసు. అది తెలియడానికి మాకు జుట్టు నెరిసింది, వీళ్ళకి మధ్యాహ్నం భోజనంలోపు చెప్పేస్తున్నారు, అంతే తేడా.

అందరి పేర్లూ రాసేసింది గాని ఒక్క పిల్ల మాత్రం ఏ అట్టకీ చెందకుండా మిగిలిపోయిందట. బొమ్మ చూపిస్తే చూడదు, పాట పాడితే అందుకోదు, పూసలు చేతిలో పెడితే పిడికిలి విప్పదు. నెలాఖరుకి కూడా అలాగే ఉంటే, ఈ పిల్లకి బుద్ధి ఎదగలేదని పైకి తెలియజేసి, అమ్మానాన్నల దగ్గర నుంచి తీసి, ఎక్కడో దూరాన ఉన్న వేరే బడికి పంపించేస్తారట.

"ఇన్నేళ్ళు పాఠాలు చెప్పేవు కదా అమ్మమ్మా, దీన్నేటి చెయ్యమంటావు?" అని అడిగి, నేను గొంతు సవరించుకునేలోపే నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. దానికి చెప్పాల్సింది ఆ పూటకి నా నోట్లోనే ఉండిపోయింది. అదే ఇప్పుడు, సుద్దముక్క పట్టిన వేళ్ళు ఇంకా మరిచిపోని నా ఈడువాళ్ళకి చెప్పుకుంటున్నాను. మీకైతే ఓపిక ఉంటుంది, ఓపిక లేకపోయినా తీరిక ఉంటుంది.

మాది కొట్టు కుటుంబం. తాతల నాడే విజయనగరం వైపు నుంచి వచ్చి రాయగడలో వ్యాపారం పెట్టుకున్నారు. కొండల మీద నుంచి దిగే చింతపండు, పసుపు, అల్లం, చీపుళ్ళ కట్టలు మా అరుగు మీదే పోసేవారు, నాకు లెక్కలు నేర్పింది ఆ అరుగే. మా కొట్లో ఒక పద్ధతి ఉండేది. సరుకు ఎంచేటప్పుడు అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ గొంతెత్తి కలిసి ఎంచాలి. నాన్న ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, ఆ తర్వాత రెండు, మూడు అంటూ పోయేవాడు. అవతలివాడు కొండవాళ్ళ దేశియా మాటలోనో ఒడియాలోనో తన లెక్క తను పైకి అనేవాడు. రెండు గొంతులూ ఒక్క చోట ఆగితే ఎవరికీ అనుమానం ఉండేది కాదు. నోరు మూసుకుని ఎంచేవాణ్ణి నాన్న నమ్మేవాడు కాదు. ఆ గోలలో పెరిగిన నాకు, పైకి అంటేనే లెక్క, వినపడితేనే చదువు అని ఒంట్లో ఇంకిపోయింది.

అలాంటి దాన్ని గుడారి దగ్గర ఒక పల్లెలో, తెలుగు పిల్లల కోసం నడిచే చిన్న బడిలో పంతులమ్మగా వేశారు. శ్రీకాకుళం పల్లెల నుంచి ఎప్పుడో వచ్చి వంశధార ఒడ్డున పొలాలు చేసుకుంటున్న రైతుల ఊరది. పెంకుటింట్లో రెండు గదులు, మధ్యన ఒక తడిక. తడికకి అవతల పెద్దమాస్టారు, ఇవతల నేను. పెద్దమాస్టారికి అప్పటికే పళ్ళు ఊడిపోయాయి గాని గొంతు మాత్రం గంట. ఎక్కాలైనా, నెలలైనా, నదుల పేర్లైనా ఆయన చేతిలో పాటైపోయేవి. బడి అన్నాక గోల ఉండాలమ్మా, గోల లేని చోట చదువు కూర్చోదు అనేవారు. నాకు ఆ మాట పుట్టింటి మాటలా ఉండేది. ఇద్దరం చెరోవైపు పిల్లల చేత అరిపిస్తుంటే, మా బడి ఏరు దాటేవాళ్ళకి కూడా వినపడుతుందని ఊళ్ళో ఆటపట్టించేవారు. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయి, అన్నంలో మిరియాల చారు తప్ప ఇంకేదీ దిగేది కాదు, అయినా పని చేశామన్న తృప్తి ఉండేది.

ఆ అరుపుల మధ్య ఒక పిల్ల నోరు తెరిచేది కాదు. గోడ పక్కన కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుని, అందరి ముఖాలూ చూస్తూ ఉండేది. మూగది కాదు, బయట తోటిపిల్లలతో చక్కగా మాట్లాడేది, చెల్లెళ్ళని గదిమేది. బడి గంట కొట్టి అందరం ఎక్కాలు అందుకున్నామంటే చాలు, పెదవులు బిగిసిపోయేవి. బుజ్జగించాను, పక్కన కూర్చోబెట్టుకున్నాను, పెద్దమాస్టారి పాటల్లోకి తోశాను. ఊహూ. ఆయన కూడా కొన్నాళ్ళు చూసి, కొన్ని బుర్రలు అంతేనమ్మా, మనం ఏం చేస్తాం అని నిట్టూర్చారు.

ఏం చేస్తాం అని వదిలేసే వీలు నాకు లేకపోయింది. ఆ పిల్ల తాతగారు బడికి వచ్చి నాతో ఒక మాట చెప్పుకున్నారు. బిస్సమ్ కటక్‌లో ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది, ఏటేటా ఒక ఇన్‌స్పెక్టరు ఊరూరూ తిరిగి పిల్లల్ని పరీక్షించి సీట్లు ఇచ్చేవాడు. ఇంట్లో పెద్దది ఈ పిల్లే, దీని వెనకాల అందరూ ఆడపిల్లలు. సీటు వస్తే చదువు, రాకపోతే పొలం అని వాళ్ళ నాన్న తేల్చేశాడట. "ఆడు ఒట్టి మాట అనడమ్మా, మానిపించేస్తాడు. ఇది సదూకుంటే ఎనకాలోళ్ళకి కూడా దారి దొరుకుతాది" అన్నారు ఆ పెద్దాయన, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని. రాత పరీక్ష ఒకటి, నోటి పరీక్ష ఒకటి. నోరు తెరవని పిల్లకి నోటి పరీక్ష.

ఆ ఏడు నూర్పుల రోజుల్లో, వడ్లు కొలుస్తున్నాం, కొత్త బియ్యం తీసుకెళ్దురుగాని రమ్మని ఆ ఇంటివాళ్ళు కబురు పెట్టారు. పట్నం కొట్లో పుట్టినదాన్ని, బస్తాలు చూశానే గాని కల్లం ఎన్నడూ చూడలేదు. ఎండుగడ్డి వాసన, కళ్ళలో పడే పొట్టు, పేడతో అలికిన నేల మీద వడ్ల రాశి. తాతగారు స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని, కుంచానికి మొక్కి కొలత మొదలుపెట్టారు. "లాభం" అన్నారు. మా నాన్న మాట ఆ కల్లంలో వినపడేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. పక్కనే ఆ పిల్ల గొంతుక్కూర్చుని, తాత ఒక కుంచం పోసినప్పుడల్లా ఒక చిటికెడు గింజలు తీసి చేటలో చిన్న కుప్పగా పెడుతోంది. చేతులు ఎంత చురుగ్గా కదులుతున్నాయో, ఏ కుప్పని ఎప్పుడు దేనిలో కలపాలో ఎంత ఇదిగా తెలుసో చూస్తూ, నేను ఉండబట్టలేక, అలవాటు కొద్దీ, తాతగారితో గొంతు కలిపి పైకి ఎంచడం మొదలుపెట్టాను.

కుంచం ఆగిపోయింది. కల్లంలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. ఆ పిల్ల భయంగా నన్ను చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఏడాది పొడుగునా నోరు తెరవమని నేను బతిమాలిన పిల్ల, నన్ను నోరు మూసుకోమంది. తాతగారు విసుక్కోలేదు. కొలిచినదంతా మళ్ళీ రాశిలో కలిపేసి, కుంచానికి మళ్ళీ మొక్కి, మళ్ళీ లాభం దగ్గర నుంచి మొదలుపెట్టారు. అంత పనీ నా మూలాన రెండోసారి చెయ్యాల్సి వచ్చిందని నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది.

కొలత అంతా అయ్యాక మజ్జిగ ఇస్తూ చెప్పారు. "తప్పునేదమ్మా, మీది కొట్టు, మాది కల్లం. కల్లంలో కొలత అవుతుంటే ఒక్క నోరే పలకాల. రెండో నోరు లెగిస్తే లచ్చిందేవి నిలబడదు." మనవరాలి తల నిమురుతూ, "ఇది నడక రాక ముందు నుంచీ నా పక్కనే కూకుంది. గిల్లినా పలకదు" అని మురిసిపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు చేలగట్ల మీద నడుస్తుంటే, నాకు సంగతి బోధపడింది. ఆ పిల్లకి చదువు రాకపోవడం కాదు. లెక్క జరిగే చోట ఒక్క పెద్దనోరు పలకాలి, మిగతావాళ్ళు చేతులతో లెక్క నిలబెట్టాలి అన్నది దాని ఇంటి మర్యాద. మా బడిలో అందరూ ఒక్కసారి ఎంచుతుంటే, ఎవరో ఒకరు ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారని ఎదురుచూస్తూ కూర్చునేదేమో పాపం. మా గోల ఆగేది కాదు, దాని వంతు వచ్చేది కాదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం గంట అవగానే నా వైపు పిల్లలందరినీ నోళ్ళు మూసుకోమనేదాన్ని. ఒక్కరే లేచి ఎక్కం చెప్పాలి, మిగతావాళ్ళు చింతగింజలు కుప్పలు పెట్టాలి. చెప్పేవాళ్ళు తప్పితే గింజలన్నీ కలిపేసి మళ్ళీ మొదలు. పిల్లలకి అది ఆటలా ఉండి త్వరగానే అలవాటైంది. ఆ పిల్ల ముందు గింజలు పెట్టడంలోనే ఉండిపోయింది, తర్వాత తన వంతు వచ్చినప్పుడు పెదవులు మాత్రం కదిపింది, సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు గొంతు వచ్చింది. చిన్న గొంతే, తాతగారి నడకతో, తొందర లేకుండా, ఒక్కో మాటా కుంచంలా నింపి పోస్తున్నట్టు చెప్పింది.  కాని తడిక అవతల పెద్దమాస్టారి పాట మొదలయ్యేసరికి ఆ గొంతు తెగిపోయింది. ఆయనకి సంగతి చెప్పాను. నవ్వేశారు. నా ముసలి గొంతు ఆపితే నేనూ ఆగిపోతానమ్మా అన్నారు. ఆ వయసులో ఆయన్ని ఏమనగలను.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. ఒడిశా సముద్రం వైపు ఊళ్ళనుంచి వచ్చిన మనిషి, తెలుగు అంతంతమాత్రం. రాత పరీక్ష ఆ పిల్ల బాగానే రాసింది. నోటి పరీక్షకి పిలిచేసరికి, నన్ను తలుపు దగ్గర నిలబడమని, మాట సాయం చెయ్యవద్దని ఆయన ముందే చెప్పాడు. తడిక అవతల ఎక్కాల పాట జోరుగా సాగుతోంది. ఆ పిల్ల లేచి నిలబడింది, గౌను అంచు పిడికిట్లో నలుపుతూ. "కుహ, కుహ" అన్నాడాయన, చెప్పు చెప్పు అని. పెదవులు బిగిసిపోయాయి. వాకిట్లో వాళ్ళ తాతగారు తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నారు. ఇన్‌స్పెక్టరు రెండోసారి అడిగాడు, పెన్సిలు బల్ల మీద కొట్టాడు. ఇంక ఆ పిల్ల జీవితం పొలంలోకి వెళ్ళిపోయిందనుకున్నాను.

అవతల పాట చరణం మధ్యలో ఆగిపోయింది. ఎవరో పిల్లవాడు పొరపాటున ఇంకా అంటుంటే వాడి నోటి మీద చెయ్యి పడిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ బడి కట్టిన నాటి నుంచి పగటిపూట అంత నిశ్శబ్దం ఉండి ఉండదు. ఆ పిల్ల ఒక్కసారి తడిక వైపు చూసింది, పిడికిలి వదిలింది, "లాభం" అంది. అక్కడ నుంచి ఎక్కం చివరిదాకా ఎక్కడా తడబడలేదు. ఇన్‌స్పెక్టరు మొదటి మాటకి తలెత్తి చూసి, అంతా అయ్యాక, మా ఇంట్లో కూడా వడ్లు కొలిస్తే ఒకటి అనేవారు కాదు అని తనలో తను నవ్వుకున్నాడు. సీటు వచ్చింది.

పెద్దమాస్టారికి దండం పెడదామని వెళితే ఆయన నా ముఖం చూడలేదు. సుద్దపొడి పట్టిన చేతులు దులుపుకుంటూ, గొంతు నొప్పిగా ఉండి ఆపేనులే అన్నారు. ఆ ఏడు వానాకాలంలో ఆ పిల్ల రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బిస్సమ్ కటక్ వెళ్ళే బస్సు ఎక్కింది. తాతగారు బస్సు మలుపు తిరిగేదాకా తలపాగా చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

ఇంతటితో నాకు పాఠం చెప్పడం వచ్చేసిందనుకున్నాను చూడండి, అదీ తమాషా. మరుసటేడు అదే నిశ్శబ్దం, అవే చింతగింజలు. ఈసారి గుడారిలో దుకాణం పెట్టుకున్నవాళ్ళ పిల్లాడొకడు ఆ నిశ్శబ్దంలో బిక్కచచ్చిపోయాడు. ఎవరూ నాతో కలిసి పైకి అనకపోతే నా లెక్క తప్పో ఒప్పో నాకెలా తెలుస్తుంది టీచరమ్మా అని ఏడ్చాడు. మా కొట్టు అరుగులాంటి అరుగు మీద పెరిగిన పిల్లాడే వాడు, నా రక్తమే అనుకోండి, అయినా పోల్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. ఆ తర్వాత లెక్కలేనన్ని తరగతులు, ఎన్నో ఊళ్ళు. ప్రతి ఏడూ చేతిలో ఉన్న తాళంచెవి పట్టుకుని వెళ్ళడం, అది పట్టదని తెలుసుకోవడం, మళ్ళీ ఎవరి గుమ్మమో ఎక్కి వాళ్ళింట్లో ఎలా వండుతారో, ఎలా మాట్లాడుకుంటారో చూసి రావడం. అనుభవం అంటే నాకు మిగిలింది ఆ తిరుగుడే. ఆ తిరుగుడుకే మోకాళ్ళు అరిగిపోయాయి. నిజం చెప్పొద్దూ, ఉద్యోగం చివరి రోజుల్లో కొత్త పిల్లల్ని చూస్తే ముచ్చట కంటే ముందు అలుపు వచ్చేది.

కిందటి చలికాలంలో రాయగడ బజారులో ఒక ఆవిడ ఆటోవాడితో బజారంతా దద్దరిల్లేలా పోట్లాడుతూ, నన్ను చూసి ఆగి, కాళ్ళకి దండం పెట్టింది. ఆ పిల్లే. జుట్టు సగం నెరిసింది. గుణుపూర్ దగ్గర బడిలో చెప్పి రిటైరవబోతోందట, చెల్లెళ్ళందరూ చదువుకున్నారట. గడగడా మాట్లాడుతూనే ఉంది, నన్ను ఒక్క మాట అననిస్తే ఒట్టు. ఇంత నోరు ఎక్కడిదే అంటే, "మీరు తెరిపించిందే కదా టీచరమ్మా, ఇప్పుడు అనుభవించండి" అని నవ్వింది. కల్లం సంగతి అడిగాను. ఇప్పుడు కల్లమెక్కడిదండీ, మిషను పొలంలోనే నూర్చేస్తాది, బస్తాలు కాటా మీద పెడతారు, ట్రాక్టర్లో పాటలు మోగుతుంటాయి అంది. కుంచం ఇంకా ఉంది గాని, దాన్లో ఉల్లిపాయలు పోసుకుంటున్నారట.

ఆదివారం పొద్దున్న మనవరాలు లేచాక, కాఫీ చల్లారిపోతున్నా ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నది. వెళ్ళి తన తరగతిని నిశ్శబ్దంగా కూర్చోబెట్టి చూసిందట కూడా. నిన్న ఫోను చేసి, లాభం లేదమ్మమ్మా, ఆ పిల్ల అప్పుడూ పలకలేదు అంది. పలకదే, అది గుడారి పిల్ల తాళంచెవి, నీ పిల్లది వేరే ఉంటుంది. కొండ మీద వాళ్ళింటికి వెళ్ళు, ఒక పూట ఊరికే కూర్చో, వాళ్ళమ్మ ఏం చేస్తోందో, ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుందో చూడు అన్నాను. 

"ఎప్పుడెళ్ళను అమ్మమ్మా? రోజంతా బడి, అయ్యేక ఫోన్లో ఫొటోలు పంపాలి. ఇంక నెలాఖరుదాకా ఆదివారాలు కూడా ట్రైనింగే. పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్తారట" అంది, ఏడుపు గొంతుతో.

 మా కాలంలో జీతం సరిగా అందేది కాదు, బడికి కప్పు కారేది, బల్లలు లేవు, కాని ఒక పిల్ల ఇంటికి వెళ్ళి మజ్జిగ తాగి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఇప్పుడు నాకు అన్నీ ఆదివారాలే. పొద్దున్న లేచి గోడకి చేరగిలబడి, లక్ష్మీపూర్ బస్సు హారన్ వినపడినప్పుడల్లా, ఆ కొండ దారి ఎలా ఉంటుందా, మధ్యలో కూర్చోవడానికి రాళ్ళుంటాయా అని ఆలోచిస్తుంటాను. నెలాఖరు దగ్గర పడుతోంది. ఆ పిల్ల ఇంటికి వెళ్ళే తీరిక నాకు కావలసినంత ఉంది, కొండ ఎక్కే మోకాళ్ళే లేవు.